జబ్బు తగ్గినా అలసట ఎందుకు తగ్గదు?

మన ఊళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే "బతుకుతుందా?" అనే మాటే ముందుగా వినిపిస్తుంది. బతికి వచ్చిన తరువాత ఆమె ఎలా ఉందో అడిగేవారు తక్కువ. హుజూర్‌నగర్ వంటి ప్రాంతాల పేదలకు హైదరాబాద్‌లో 1955లో స్థాపించిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పెద్ద దిక్కు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ పేదలకు మరింత అందుబాటులోకి వచ్చాయి.

చికిత్స ముగుస్తుంది. ఊడిన జుట్టు మళ్లీ వస్తుంది. కానీ నాట్లకు, కలుపుకు పోదామంటే ఒళ్లు సహకరించదు. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి అలసటే. "అంతా బాగైంది గదా, ఇంకేంది పండుడు?" అని ఇంట్లోవాళ్లే అంటారు. ఇది బద్ధకం కాదు. దీనికి శరీరంలోనే కారణాలున్నాయి. అవేమిటో తెలుసుకుందాం.

ఎంతమందికి ఉంటుంది?

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జూలియన్ బోవర్, ప్యాట్రీషియా గాంజ్ బృందం రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన 1,957 మంది స్త్రీలను పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించింది. వారిలో సుమారు మూడోవంతు మందికి తీవ్రమైన అలసట ఉంది. 2006లో వెలువడిన మరో పరిశీలనలో, జబ్బు బయటపడి 5 నుంచి 10 ఏళ్లు గడిచినా దాదాపు అంతేమంది అలసటతో ఉన్నారని తేలింది.

ఇన్‌ఫ్లమేషన్ అంటే ఏమిటి?

కాలిలో ముల్లు విరిగితే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పుడుతుంది. ఇదే ఇన్‌ఫ్లమేషన్. అప్పుడు తెల్ల రక్తకణాలు సైటోకైన్లు అనే ప్రోటీన్లను విడుదల చేస్తాయి. వీటి ప్రభావం మెదడు వరకు చేరుతుంది. 2006లో చికున్‌గున్యా మన ఊళ్లను కుదిపినప్పుడు చాలామంది అన్నం సహించక, లేవబుద్ధి కాక మంచం పట్టారు. అలాంటి నీరసంలో సైటోకైన్ల పాత్ర ఉంటుంది. "పని ఆపు, విశ్రాంతి తీసుకో" అని శరీరం చెప్పే పద్ధతి అది.

మామూలుగా ముల్లు తీస్తే వాపు పోతుంది. కానీ క్యాన్సర్ వల్ల, దాని చికిత్స వల్ల మొదలైన ఇన్‌ఫ్లమేషన్ కొందరిలో పూర్తిగా చల్లారదు. పైకి వాపు కనిపించదు, లోపల కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటుంది. 2002లో బోవర్ బృందం 40 మంది రక్తాన్ని పరీక్షించింది. అలసట ఉన్నవారిలో, లేనివారికన్నా ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే కొన్ని పదార్థాలు ఎక్కువగా కనిపించాయి. అయితే ఇదొక్కటే కారణం కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, నొప్పులు, దిగులు కూడా అలసటను పెంచుతాయి.

ఏం చేయాలి?

1. అలసట సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో చూపించుకోవాలి. అలసట కొత్తగా వచ్చినా, ఎక్కువవుతున్నా ఆలస్యం చేయరాదు.

2. డాక్టరు రాసిన మందులను సొంతంగా మానరాదు.

3. పూర్తిగా పడుకుంటే సత్తువ ఇంకా తగ్గుతుంది. డాక్టరును అడిగి, కొద్దిసేపటి నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

4. యోగా మేలు చేస్తుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 200 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. 12 వారాలు యోగా చేసినవారిలో, శిక్షణ ముగిసిన మూడు నెలలకు అలసట, ఇన్‌ఫ్లమేషన్ రెండూ చేయనివారికన్నా తక్కువగా ఉన్నాయి.

5. ముఖ్యమైన పనులు ఒంట్లో ఓపిక ఉన్న వేళ చేసుకోవాలి. మధ్యమధ్య కొంతసేపు కూర్చోవాలి.

విద్యార్థి మిత్రులారా! కూలికి పోతేనే పూట గడిచే ఇళ్లలో అలసట అనేది చెప్పుకోలేని బాధ. అమ్మయినా, చిన్నమ్మయినా, పక్కింటి అవ్వయినా "చేతనైతలేదు బిడ్డా" అంటే నమ్ముదాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నీళ్ల బిందె మనమే ఎత్తుదాం. సాయంత్రం ఆమెతో కలిసి ఊరి చివరిదాకా నడుద్దాం. మనం చదివిన జీవశాస్త్రం పరీక్షకే కాదు, ఇంటికీ పనికిరావాలి.