నలుగురు మోసిన పరుపు

పఠన భాగములు: మార్కు 2:1-12, మార్కు 5:35-43



బిడ్డ ఆసుపత్రిలో నున్నప్పుడు తలిదండ్రులకు సంతోషము ఎక్కడిదని మీరు అడుగవచ్చును. నేనును అడిగితిని. 2022 సెప్టెంబరు నెలలో మా చిన్న కుమార్తెకు డెంగీ జ్వరము వచ్చి, పట్టణపు ఆసుపత్రిలో ఎనిమిది దినములు ఉంటిమి. అక్కడ నేర్చుకొనిన పాఠమును వాక్యపు వెలుగులో మీ యెదుట ఉంచుచున్నాను.

1. ప్రార్థన రాని రాత్రి

మూడవ దినమున జ్వరము దిగెను. మేము స్తోత్రము చెల్లించి మూట సర్దుకొంటిమి. అయితే డాక్టరుగారు, ఇంటికి పోవలదు, ఇప్పుడే జాగ్రత్తగా చూడవలెనని చెప్పిరి. డెంగీలో జ్వరము దిగిన తరువాత వచ్చు 24 నుండి 48 గంటలే ఎక్కువ అపాయకరమైన కాలము. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము, చల్లబడిన చేతులు కాళ్లు, మత్తుగా పడియుండుట, ఇవి అపాయపు గుర్తులు. తలిదండ్రులు వీటిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ రాత్రియే మా బిడ్డ చేతులు చల్లబడెను. ఆమెను ఇంటెన్సివ్ కేరు గదిలోనికి తీసికొనిపోయిరి. తలుపు మూయబడెను.

పదునెనిమిది ఏండ్లుగా అనేకుల మంచముల ప్రక్క ప్రార్థించినవాడను. ఆ రాత్రి వరండాలో కూర్చుండి నోరు తెరచితిని. బిడ్డ పేరు తప్ప మరియొక మాట రాలేదు. నా విశ్వాసము ఆరిపోయెనేమో యని భయపడితిని.

అప్పుడు పక్షవాయువుగలవాని సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. వాడు నడువలేడు. వాడు ప్రార్థించినట్టును వ్రాయబడలేదు. నలుగురు వానిని మోసిరి, ఇంటికప్పు విప్పిరి, పరుపుతో కూడ దింపిరి. ప్రభువు ఏమి చూచెనో అయిదవ వచనములో గమనింపుడి: ఒక్కని విశ్వాసము కాదు, వారి విశ్వాసము. నాకు ప్రార్థన రాని గడియలో నా సంఘము నా నిమిత్తము ప్రార్థించుచున్నదని తెలిసికొంటిని. నేను ఆ రాత్రి మోయువాడను కాను, పరుపుమీద నున్నవాడను.

2. మోయించుకొనుట సిగ్గు కాదు

తెల్లవారగానే మొదటి బస్సుకు మా సంఘ పెద్ద ఒకరు దిగిరి. పొలములో కలుపు పనులుండగా ఎందుకు శ్రమపడితిరని నేను అంటిని. నిజము చెప్పవలెనంటే, కాపరి యైనవాడు ఇతరులచేత ఓదార్చబడుట నాకు సిగ్గుగా తోచెను. ఆయన, "అయ్యగారూ, మా ఇంట ఎవరు మంచాన పడినా మీరు సైకిలు తొక్కుకొని వచ్చారు. ఈ పూట మా వంతు. అమ్మగారిని కాస్త పడుకోనివ్వండి" అని బెంచీమీద కూర్చుండిరి. నా భార్య రెండు రాత్రుల తరువాత మూడు గంటలు నిద్రించెను.

స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని క్యారియరు పంపిరి. పొరుగింటివారు మా పెద్దపిల్లలిద్దరిని చూచుకొని, గేదెకు మేత వేసిరి. యౌవనస్థులిద్దరు రక్తమిచ్చుటకు సిద్ధపడి వచ్చిరి. రక్తము ఎక్కింపవలసిన అవసరము రాలేదు. అయినను వారు అక్కడ ఉండుటయే మాకు బలమాయెను.

మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు వాటిని ఆదుకొనిరి (నిర్గమ 17:12). గెత్సేమనేలో మన ప్రభువే తన శిష్యులను తోడుగా మెలకువతో నుండుమని అడిగెను (మత్తయి 26:38). ప్రభువు సిగ్గుపడని దానికి మనమెందుకు సిగ్గుపడవలెను?

3. అన్నపు ముద్దలో సంతోషము

ఏడవ దినమున మా బిడ్డ కన్ను తెరచి, "అమ్మా, పెరుగన్నం" అని అడిగెను. యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు ఆమెకు తినుటకు ఏమైన పెట్టుమని ఆజ్ఞాపించెను (మార్కు 5:43). ఆ వచనమును ఎన్నోమారులు చదివితిని గాని, అందులోని తల్లి సంతోషము ఆ దినమే నాకు తెలిసెను. ఆసుపత్రిలో సంతోషము తరచుగా ఇంత చిన్నదిగానే వచ్చును. దానిని చిన్నదని త్రోసివేయకుడి.

అయితే మా ప్రక్క మంచము మీది బాలుడు ఇంటికి పోలేదు. వాని తల్లి మాకు వేడినీళ్లు పంచియిచ్చిన స్త్రీ. మా ప్రార్థన ఆలకింపబడెను, ఆమెది ఆలకింపబడలేదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. నా భార్య ఆమెను పట్టుకొని ఏడ్చెను, నేనును ఏడ్చితిని. లాజరును లేపబోవుచున్న ప్రభువు సహితము కన్నీరు విడిచెను గదా (యోహాను 11:35). బిడ్డ బ్రదుకుటయే మన సంతోషమునకు పునాది యైనయెడల, ఆ తల్లికి చెప్పుటకు మనయొద్ద సువార్త లేదు. మరణమైనను దేవుని ప్రేమనుండి మనలను ఎడబాపనేరదనునదే పునాది (రోమా 8:38, 39).

సంఘమునకు హెచ్చరిక

మన గ్రామములో ఏ బిడ్డయైనను ఆసుపత్రిలో చేరినప్పుడు నలుగురు లేవవలెను: ఒకరు భోజనమునకు, ఒకరు రాత్రి తోడుకు, ఒకరు ఇంటికిని పశువులకును, ఒకరు ఖర్చుల సాయమునకు. తలిదండ్రులు అడుగువరకు కాచుకొనవద్దు. ఎవరి పాపమువలన ఈ జబ్బు వచ్చెనని విచారింపవద్దు; ఆ ప్రశ్నకు ప్రభువు యోహాను 9:3లో జవాబు చెప్పెను. ప్రార్థన చాలునని వైద్యము మాన్పింపవద్దు. పౌలునకు ప్రియుడైన లూకా వైద్యుడే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఇతరుల సాయము పుచ్చుకొనుటకు నాకు అడ్డమైనది ఏది?
2. ఈ నెలలో నేను ఎవరి పరుపుకు ఒక మూల పట్టుకొనవలెను?
3. బిడ్డను పోగొట్టుకొనిన ఇంటిని మన సంఘము మరచెనా?

ప్రార్థన: ప్రభువా, మా బలము చాలని గడియలో మమ్మును మోయువారిని పంపుము. మేము బలముగా నున్న దినమున మమ్మును ఇతరులయొద్దకు పంపుము. ఆమేన్.