సారె పిండివంటలను చెడకుండ కట్టి పంపుట

ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడును, సీమంతమునకును, సంక్రాంతి పండుగకును సారె పెట్టుట మన పల్లెలలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, లడ్డులు, జంతికలు, చెక్కలు, అప్పడములు, వడియములు, ఆవకాయ మొదలగునవి ఇంటనే తయారుచేసి గంపలకు ఎత్తి పంపుదురు. అత్తవారు వానిని ఇరుగుపొరుగులకు పంచిపెట్టుదురు. కావున సారె ఒక్క ఇంటికి చేరునది కాదు. వీధి అంతటికిని చేరును.

ఈ వంటలకు ఇల్లాండ్రు ఎంత శ్రమపడుదురో చెప్పనక్కరలేదు. బియ్యము నానబోసి, పిండి కొట్టి, పాకము పట్టి, పొయ్యి ముందు రెండు మూడు దినములు కూర్చుందురు. కాని చివరి అరగంటలో, బస్సుకు వేళయినదను తొందరలో, చేతికందిన సంచిలో వేడివేడిగా కుక్కి పంపుదురు. మూడవనాటికి జంతికలు మెత్తబడును, అరిసెలకు బూజు పట్టును, ఊరగాయ నూనె చీరలపై ఒలుకును. వంటలో లోపము లేదు. లోపము కట్టుటలో ఉన్నది. కట్టుట కూడ వంటలో ఒక భాగమే అని గుర్తించవలెను. దానికి ఎక్కువ ఖర్చు అక్కరలేదు. కావలసిన సామగ్రిలో అధికభాగము పెరటిలోను, పెట్టెలోను ఉన్నదే.

ఒక ఇంట చూచిన సంగతి

నేను పనిచేసిన ఒక గ్రామములో, సంక్రాంతికి ముందు, వరిపొలము చూచి వచ్చుచు ఒక రైతు ఇంట మంచినీళ్ళకు ఆగితిని. అరుగుమీద గట్టి మూతగల తెల్లని ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి ఎండబెట్టి ఉన్నది. గుళికల మందు వచ్చిన బకెట్టు అది. పైచీటిని గీకివేసినను అంచున కొంత మిగిలియున్నది. అది ఎందుకని అడిగితిని.

“మా అమ్మాయికి ఏడో నెలండి. రేపు సారె పంపుతున్నాం. సున్నుండలకి గట్టి మూత ఉన్న డబ్బా కావాలి గదా అని కడిగి పెట్టానండి” అని ఆ ఇల్లాలు చెప్పినది.

“అది మందు బకెట్టు గదమ్మా” అంటిని.

“సబ్బుతో మూడుసార్లు కడిగానండి. రెండు రోజులు ఎండలో పెట్టాను. వాసన కూడా రావడం లేదు, మీరే చూడండి.”

ఆమె శుభ్రతలో ఏ లోటును లేదు. తల్లి ప్రేమలో అసలే లేదు. కాని పురుగుమందు కడిగిన మాత్రాన పోవునది కాదు. ప్లాస్టిక్ గోడలోనికి మందు కొంత ఇంకును. రేకు డబ్బా అతుకులలో నిలుచును. నీళ్ళకు రానిది నేతికిని, నూనెకును మెల్లగా వచ్చును. సున్నుండలో నెయ్యి నిండుగా ఉండును. వాసన లేకపోవుట విషము లేదనుటకు గుర్తు కాదు.

ఇది వట్టి భయము కాదు. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. అంతకు పూర్వము 1958లో, కేరళకు ఓడలో వచ్చిన ఆహార సరుకులపై పక్కనున్న పారథియాన్ మందు కారి, వానిని తిన్నవారిలో 100 మందికి పైగా చనిపోయిరి. 1968లో పురుగుమందుల చట్టము వచ్చుటకు ఆ దుర్ఘటన ఒక ముఖ్య కారణము. కావున మొదటి నియమమిది: పూర్వము ఏమి ఉన్నదో తెలియని డబ్బాలో తినుబండారము పెట్టరాదు. మందు డబ్బాలు, ఎరువుల సంచులు, మందు పట్టించిన విత్తనపు సంచులు ఎంత కడిగినను వంటింటికి తగవు.

చల్లారిన పిమ్మటనే కట్టవలెను

వేడి వంటకమునుండి ఆవిరి వెలువడుచుండును. దానిని వెంటనే మూసినచో ఆ ఆవిరి మూత క్రింద చుక్కలుగా ఏర్పడి తిరిగి వంటకముపైననే పడును. జంతికలు మెత్తబడుటకును, అరిసెలు బూజు పట్టుటకును ఇదియే కారణము. కావున సాయంకాలము వండిన దానిని వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచి, ఈగలు వాలకుండ పలుచని బట్ట కప్పి, మరునాటి ఉదయము కట్టవలెను.

చల్లారినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. నాలుగు జంతికలను పొడి గాజుసీసాలో వేసి మూత బిగించి గంటసేపు ఉంచవలెను. సీసా లోపలివైపు మసక పట్టినచో ఇంకను ఆవిరి ఉన్నదని అర్థము. మరికొంతసేపు ఆరనీయవలెను.

ఏ వంటకు ఏ కట్టు

కారపు వంటలు: జంతికలు, చెక్కలు, కారప్పూసలకు తేమ మొదటి శత్రువు. గాలి, వెలుతురు తరువాతివి. ఈ రెండింటి వలన నూనె మక్కవాసన వేయును. కావున వీనికి గట్టి మూతగల రేకు డబ్బాలు మేలు. బిస్కత్తులు వచ్చిన డబ్బాలు ఇంట ఉన్నచో త్రుప్పు లేనివి ఏరి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో బాగుగా ఆరబెట్టి వాడవచ్చును. డబ్బాను వెలితిగా విడువరాదు. వెలితి ఉన్నచో ప్రయాణములో జంతికలు విరిగి పొడి అగును. ఖాళీ ఉన్నచోట మరమరములు నింపిన చిన్న గుడ్డసంచిని ఇరికించవలెను. దారిలో అది మెత్తగా పనిచేయును. చేరిన పిమ్మట పిల్లలకు పనికివచ్చును.

బెల్లపు, నేతి వంటలు: బెల్లము గాలిలోని తేమను లాగుకొనును. అరిసెలను నూనె బాగుగా పిండి, చల్లార్చి, పళ్ళెము మీద పళ్ళెమువలె దొంతిగా పేర్చి, అయిదేసి లేక పదేసి చొప్పున నూనె పీల్చని బటర్ పేపరులో చుట్టవలెను. ఒక దొంతి విప్పినపుడు మిగిలినవానికి గాలి తగలదు. సున్నుండలు, లడ్డులు ఒకదానికొకటి ఒరసికొని చిట్లకుండ ఒక్కొక్కదానిని బటర్ పేపరు ముక్కలో పెట్టి ఎండుటాకు దొన్నెలలో అమర్చవలెను. పంచిపెట్టునపుడు దొన్నెతో సహా చేతికి ఈయవచ్చును.

అప్పడములు, వడియములు: ఇవి ఎండినవి గనుక వీనికి గుడ్డసంచి చాలును. పాత నూలు చీరను ఉతికి, గంజి పెట్టకుండ ఎండబెట్టి, జానెడు సంచులుగా కుట్టవలెను. అప్పడములను పాతికేసి చొప్పున అరటినారతో కట్టి సంచిలో నిలువుగా పెట్టినచో అంచులు విరుగవు. వానకాలములో మాత్రము ఈ సంచులను డబ్బాలో ఉంచి పంపవలెను.

ఊరగాయలు: ఆవకాయలో ఉప్పు, పులుపు రెండును ఉండుటచే అవి లోహమును తినివేయును. ఇత్తడి, రాగి, అల్యూమినియము పాత్రలలో దీనిని పంపరాదు. జాడీగాని గాజుసీసాగాని వాడవలెను. సీసాలను చన్నీళ్ళలో ఉంచి క్రమముగా కాచి పది నిమిషములు మరగనిచ్చి, తీసి, తడి బొత్తిగా లేకుండ ఎండబెట్టవలెను. క్రొత్తగా కలిపిన ఆవకాయను వెంటనే పంపరాదు. మూడవనాడు తిరుగగలిపి, నూనె సరిచూచిన పిమ్మట నింపవలెను. ముక్కలు నూనెలో మునిగియుండవలెను. పైన అంగుళము వెలితి విడువవలెను. లేనిచో బస్సు కుదుపులకు నూనె పైకివచ్చును. సీసాకు లోహపు మూత ఉన్నచో దానికిని ఊరగాయకును మధ్య బటర్ పేపరు ముక్క ఉంచవలెను. జాడీకైనచో శుభ్రమైన నూలుబట్టతో వాసెన కట్టి, దానిపై మరియొక బట్ట కప్పి నూలుత్రాడుతో బిగించవలెను.

పెరటిలో దొరకు సామగ్రి

ఆకులు: మోదుగ ఆకు, అడ్డాకు విస్తళ్ళు మనకు క్రొత్తవి కావు. నిలువయుండు వంటలకు ఎండిన ఆకులనే వాడవలెను. పచ్చి అరటి ఆకు అందముగా ఉండును గాని దానిలో నీరు ఉన్నది. ఆనాడే తినవలసిన పులిహోర, బూరెలవంటి వానికి దానిని సెగపై వాడ్చి వాడవచ్చును. అరిసెల డబ్బాలో వేసినచో బూజును మనమే పిలిచినట్లగును.

తాటాకు: లేత తాటాకును చీల్చి, నీడన ఆరబెట్టి, అల్లుటకు ముందు నీళ్ళలో తడిపి మెత్తపరచి మూతబుట్టలు అల్లుదురు. అల్లిన బుట్టను రెండు మూడు దినములు ఎండనీయవలెను. తడి ఉన్న బుట్టకు బూజు పట్టును. కొన్ని ఆకులకు రంగు వేసి నడుమ నడుమ అల్లుట కలదు. రంగు ఆకు వంటకమునకు తగలకుండ లోపల బటర్ పేపరు పరచవలెను. ఊరిలో అల్లువారు ఉన్నచో వారికే పని చెప్పుట మేలు. రూపాయి ఊరిలోనే నిలుచును.

కొబ్బరిచిప్ప: సమముగా పగిలిన రెండు చిప్పలను పీచు లేకుండ గీకి, లోపల కొబ్బరి జాడ లేకుండ తీసి, ఎండబెట్టవలెను. ఒకదానిలో బటర్ పేపరుతో లడ్డులు అమర్చి రెండవదానిని మూతగా బోర్లించి కొబ్బరి త్రాటితో కట్టినచో బహు ముచ్చటగా ఉండును. తరువాత దానిని ఉప్పు చిప్పగా వాడుకొనవచ్చును.

మట్టికుండ: క్రొత్తకుండ నూనెను, నేతిని పీల్చుకొనును. కావున వేయించిన వంటలకు తగదు. బెల్లపచ్చులు, ఎండు చింతపండువంటి వానికి వాడవచ్చును.

వాడరానివి

వార్తాపత్రికలో తినుబండారములు చుట్టుట నేటికిని పోలేదు. అచ్చు సిరాలోని రసాయనములు నూనెకు కరిగి వంటకమునకు అంటును. 2018 నాటి ఆహార భద్రతా ప్యాకింగు నియమములు ఆహారమును వార్తాపత్రికలో చుట్టుటను నిషేధించినవి. పిల్లల పాత నోటుపుస్తకముల కాగితములకును ఈ మాటయే వర్తించును.

పలుచని ప్లాస్టిక్ సంచిలో వేడి వంటకము పోయరాదు. మిఠాయిపెట్టెలపై చుట్టు ప్లాస్టిక్ పొర 2022 జూలై 1 నుండి దేశమంతటను నిషిద్ధము. దానికి బదులు అరటినారతోగాని నూలుదారముతోగాని పెట్టెను కట్టినచో అందమును దక్కును, విప్పుటయు సులభము. ఆకులను, కాగితములను కుట్టుటకు గుండుసూదులు, స్టాప్లరు పిన్నులు వాడరాదు. పంచునపుడు అవి పిల్లల నోటికి పోవు ప్రమాదము కలదు. ఈనెపుల్లలు చాలును. చీమలకు భయపడి గంపలో చీమలమందు చల్లుట, సుద్దముక్కతో గీయుట బొత్తిగా కూడదు. గంపను పీటపై ఉంచి, పీట కాళ్ళ క్రింద నీటిపళ్ళెములు పెట్టిన చాలును.

గంప సర్దుట, చీటి కట్టుట

గంప అడుగున జాడీలు, సీసాలు నిలువుగా ఉంచి చుట్టును పాతబట్టలు ఇరికించవలెను. వానిపై మిఠాయి డబ్బాలు, అన్నింటికంటె పైన కారపు వంటలు, అప్పడములు ఉండవలెను. ఊరగాయను, మిఠాయిలను వేరువేరు బట్టలలో కట్టినచో వాసన అంటదు. అదే సంచిలో కలరా ఉండలు, అగరువత్తులు, సబ్బులు, పొలపు మందులు పెట్టరాదు.

ప్రతి డబ్బాకును చిన్న అట్టముక్కపై పెన్సిలుతో వ్రాసి దారముతో కట్టవలెను. సిరా నూనెకు చెదరును గాని పెన్సిలు వ్రాత చెదరదు. వంట పేరు, చేసిన తేదీ, వాడిన దినుసులు, ఏది ముందు తినవలెనో వ్రాయవలెను. వేరుశనగ, నువ్వులు కొందరి ఒంటికి పడవు. చీటి చూచినచో తెలియనివారు తిని బాధపడకుందురు.

ఈ విధముగా కట్టిన వంటలు సంతలోను, పట్టణములోను అమ్మకమునకును పనికివచ్చును. అయితే బంధువులకు పంపుట వేరు, అమ్ముట వేరు. అమ్మదలచిన మహిళా సంఘములు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద ముందుగా నమోదు చేయించుకొనవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి

పురుగుమందుల డబ్బాలు ఇంటికి చేరకుండ చూచుట పొలములోనే ఆరంభము కావలెను. మందు కలుపునప్పుడే డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీళ్ళను పిచికారీ ట్యాంకులోనే పోయవలెను. ఖాళీ డబ్బాలను మరల వాడకుండ పగులగొట్టి, ఇండ్లకు దూరముగా పాతిపెట్టవలెనని 1971 నాటి నియమములు చెప్పుచున్నవి. చెరువుకును, బావికిని ఎడముగా ఒక చోటు చూపించి, గ్రామసభలో ఈ సంగతి చెప్పించినచో ఎంతో మేలు కలుగును.

ఆ ఇంటి బకెట్టును ఆ సాయంకాలమే రైతు గొడ్డలితో చీల్చి పొలముగట్టు దూరమున పాతిపెట్టెను. సున్నుండలు తాటాకు బుట్టలలో వెళ్ళినవి. బుట్టలు పొరుగింటి అవ్వ అల్లినది. పండుగ వెళ్ళిన పిమ్మట ఆ ఇల్లాలు ఎదురుపడి, “బుట్టలు ఎక్కడ కొన్నారని మా వియ్యపురాలు అడిగిందండి” అని సంతోషముతో చెప్పినది.