వణకు వ్యాధి – మెదడునకు విద్యుత్ప్రేరణ చికిత్స

ముదిమిలో చేయి వణకుట సహజమని తలచి పలువురు వైద్యుని చెంతకు పోరు. ఇది పొరపాటు. విశ్రాంతిగా నున్న చేయి వణకుట, అవయవములు బిగిసికొనుట, నడక మందగించుట కానవచ్చినచో అది పార్కిన్సన్ వ్యాధి కావచ్చును. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను లండను వైద్యుడు వర్ణించిన ఈ వ్యాధిలో, డోపమైన్ అను రసాయనమును తయారుచేయు మెదడు కణములు క్రమముగా నశించును.

దీనికి మొదటి చికిత్స మందులే. లెవోడోపా మాత్ర మంచి గుణము నిచ్చును. కొన్ని సంవత్సరముల పిమ్మట ఒక్కొక్క మోతాదు పనిచేయు కాలము తగ్గవచ్చును. శరీరము తనంతట తాను మెలికలు తిరుగుటయు గలదు. అట్టి దశలో కొందరికి ఉపకరించునదే విద్యుత్ప్రేరణ చికిత్స. ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబుల్ నగరమున బెనబిద్ అను శస్త్రవైద్యుడును ఆయన సహచరులును 1987లో దీనికి నాంది పలికిరి.

చికిత్సా విధానము

కపాలమునకు చిన్న రంధ్రము చేసి, సన్నని తీగను మెదడు లోతున నిర్ణీత స్థానమునకు చేర్తురు. మెదడునకు నొప్పి తెలియదు. కావున తరచుగా రోగిని మెలకువతో నుంచి, చేయి కదల్పుమని పరీక్షింతురు. రొమ్ము పైభాగమున చర్మము క్రింద అమర్చిన చిన్న యంత్రము సెకనునకు సుమారు 130 మారులు విద్యుత్తును పంపును.

ఎవరికి తగును?

ఈ చికిత్స వ్యాధిని నిర్మూలింపదు. మందునకు లొంగు లక్షణములే సామాన్యముగా దీనికిని లొంగును. వణకు మాత్రము మందునకు లొంగకున్నను దీనికి లొంగవచ్చును. మతిమరపునకు, మాట తడబాటునకు దీనివలన మేలు కలుగదు. అందువలన రాత్రి మందు నిలిపి, ఉదయమున ఒకమారును, మందిచ్చిన పిదప మరియొకమారును వైద్యులు రోగిని పరీక్షించి చూతురు. పొలమమ్మి శస్త్రచికిత్సకు పోవుటకు ముందు ఈ పరీక్ష జరుగవలెను. రక్తస్రావము, చీము పట్టుట వంటి అపాయములు కొలదిమందికి కలుగవచ్చును.

రాయపూరు వాసులకు సూచన

2012లో ప్రారంభమైన రాయపూరు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని నాడీవైద్యులచే మొదట పరీక్ష చేయించుకొనవచ్చును. ఈ శస్త్రచికిత్స హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో జరుగుచున్నది. బంధువులచట గల తెలుగు కుటుంబములకు ఇది అనుకూలము. అయితే యంత్రమును సరిచేయించుకొనుటకు కొన్ని నెలలు పలుమారులు పోవలసియుండును. ఆ ప్రయాణములను, వ్యయమును ముందే యోచింపవలెను.

వైద్యుని యనుమతి లేక మందును హఠాత్తుగా మానరాదు. వణకును దాచరాదు, తొలినాడే చూపించుకొనుట మేలు.