కావేరి చెంతనే నీటికరవు

పెన్నాగరమునకు సుమారు పది మైళ్లలో హొగేనకల్ వద్ద కావేరి దుముకుచున్నది. అయినను ఈ తాలూకా మెట్టసీమయే. రాగులు, సామలు, చింతపండు ఇచటి సరకు. వాన తప్పిన సంగతి అంగడివారికి అప్పుపద్దులలోనే తెలియును.

వాన తప్పిన యేడు బావులెండును. బోర్లు మరింత లోతునకు దిగును. లోతున రాతిని అంటి చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు చేరును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లలకు గారపండ్లు వచ్చును. మరీ మించినచో పెద్దల యెముకలు బిగియును. మన యిండ్లలో నీటిని బట్టతో వడకట్టు ఆచారము మంచిదే గాని, కరిగిన ఫ్లోరైడు బట్టకు చిక్కదు. కాచినను పోదు.

ఇందుకై జపాను ఋణముతో 2008లో శంకుస్థాపన జరిగిన హొగేనకల్ పథకము 2013లో ప్రారంభమై, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు నదీజలము నందించుచున్నది. కాని ఆ నదియు వాననే నమ్ముకొన్నది గదా! గాలి ఒక డిగ్రీ వేడెక్కిన నూటికి ఏడుపాళ్లు అధికముగా ఆవిరిని మోయును. కనుక కురిసినపుడు కుంభవృష్టియే. 2024 వేసవిలో హొగేనకల్ రాళ్లు తేలెను. జూలైలో వరద పొంగి, 30వ తేదీన మెట్టూరు 120 అడుగులు నిండెను. పెన్నాగరము చెరువులకు మాత్రము ఆ వరద యెక్కలేదు. మిగులుజలమును పైకెత్తి చెరువులు నింపవలెనని ఈ జిల్లా రైతులు ఏండ్లుగా కోరుచున్నారు.