పాత కారు – మరమ్మతు ఖర్చు



అంబాసిడరు కార్లను 1958 మొదలుకొని 2014 వరకు ఉత్తరపారా కర్మాగారములో చేసిరి. నేడు మిగిలినవన్నియు పాతబడినవే. అట్టి కారు పొగ విడువగానే కొందరు మెకానిక్కులు, “ఇంజను దింపవలసినదే” అందురు. వెంటనే తలయూపకుడి.

పొగ రంగు చూడుడి. నల్లనిదైతే పెట్రోలు ఎక్కువగా పోవుచున్నది. ముందు కార్బురేటరును గాలి ఫిల్టరును చూపించుడి. నీలిపొగయైతే ఆయిలు మండుచున్నది. పెద్ద ఖర్చును పెద్ద అనుమానమును ఇక్కడనే. ఇంజను వేడిగానుండగా ప్లగ్గులు తీయించి, ఒక్కొక్క సిలిండరులో కంప్రెషను కొలిపించుడి. తక్కువైనచోట చెంచాడు ఆయిలు పోసి మరల కొలువవలెను. ఒత్తిడి బాగుగా పెరిగినయెడల రింగులో సిలిండరో అరిగినవి. పెరుగనియెడల లోపమును వాల్వులలోనో హెడ్డు గాస్కెట్టులోనో వెదకవలెను. దానికి హెడ్డు విప్పిన చాలును, ఇంజనంతయు దింపనక్కరలేదు. ఈ పరీక్షకు ఒప్పుకొననివానికి పెద్ద పని అప్పగింపకుడి.

సంఘపు కారైతే సొమ్ము కానుకలది. రాజైన యోవాషు దినములలో మందిరపు మరమ్మతు సొమ్మును రాజు లేఖికుడును ప్రధానయాజకుడును కలిసి లెక్కించిరి (2 రాజులు 12). పనివారికిచ్చుటకై ఆ సొమ్మును అందుకొనినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదనియు అక్కడనే యున్నది. కొందరు ఆ మాటనే పట్టుకొని, రసీదు అడుగుట మర్యాద కాదందురు. వారు నమ్మకస్థులని ఎంచబడినవారు; పట్టణపు గారేజీవానిని మనమెరుగము. పని మొదలుకాకముందే ఖర్చు కాగితముమీద వ్రాయించుకొని, ఇద్దరు పెద్దలు చూచి ఒప్పుకొనవలెను. విప్పిన పాత సామానులను అడిగి తెచ్చి, సంఘపెద్దల యెదుట బల్లమీద పెట్టుడి.