వాల్డార్ఫ్ కుర్రాడు పిల్లనగ్రోవులు ఎప్పుడు వదిలాడు?

జర్మనీలోని వాల్డార్ఫ్ అనగానే హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ తీసుకున్నవాళ్లకు శాప్ గుర్తొస్తుంది. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న చిన్న ఊరది. సినిమా కల వదిలేసి కొత్త దారి వెతుక్కుంటున్నవాళ్లు తెలుసుకోవాల్సింది మాత్రం ఆ ఊళ్లోనే 1763లో పుట్టిన జాన్ జాకబ్ ఆస్టర్ గురించి.

మాంసం కొట్టువాడి కొడుకు. లండన్‌లో అన్న దగ్గర వాయిద్యాల పని నేర్చుకుని, 1784లో కొన్ని పిల్లనగ్రోవులు పట్టుకుని అమెరికాలో దిగాడు. అసలు డబ్బంతా బొచ్చుతోళ్ల వ్యాపారంలో ఉందని త్వరలోనే తెలిసింది. అయినా వాయిద్యాల దుకాణం మూసేయలేదు. న్యూయార్క్‌లో ఒకపక్క తోళ్లు కొంటూనే మరోపక్క పియానోలు అమ్మాడు. 1802 ప్రాంతంలో గానీ ఆ దుకాణాన్ని వేరేవాళ్లకు అప్పగించలేదు. ఆస్టర్ కళాకారుడేమీ కాదు, పక్కా వ్యాపారి. తర్వాత చైనాకు నల్లమందు కూడా పంపాడు కాబట్టి ఆదర్శపురుషుడని చెప్పను. దారి మారిన తీరు మాత్రం మెచ్చుకోవాలి.

మనవాళ్లు బోల్తా పడేది సరిగ్గా అక్కడే. సినిమా అవకాశాల కోసం కృష్ణానగర్ గదిలో ఏళ్లు గడిపి, ఒకరోజు విసుగెత్తి స్క్రిప్టులన్నీ చించేసి ఊరికి బస్సెక్కేస్తారు. లేదంటే ‘ఇంకొక్క సినిమా’ అంటూ అక్కడే ఉండిపోతారు. పక్కనే యూసఫ్‌గూడలో మెట్రో ఎక్కితే మధురానగర్ దాటగానే అమీర్‌పేట. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగతో ఆ కాస్త దూరం వెళ్లడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్తున్నామనుకోకండి. ముందు షాట్‌లో హీరో చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, వాచీ ఏ చేతికుంది అని కంటిన్యుటీ రాసుకున్న సహాయ దర్శకుడికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కు కావాల్సిన కన్ను ఎప్పుడో వచ్చేసింది. రేపటి షూటింగ్‌కు ఏ సామాను ఎన్ని గంటలకు ఎక్కడుండాలో చూసుకున్నవాడికి శాప్‌లో సరుకు, ఉత్పత్తి ప్రణాళికల మాడ్యూళ్లు మరీ కొత్తగా అనిపించవు. రెజ్యూమెలో ఆ ఏళ్లను ఖాళీగా వదలొద్దు, చేసిన పనే రాయండి. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తామనేవాళ్ల జోలికి అసలు పోవద్దు. నిజంగా చేసిన పని ఉండగా అబద్ధమెందుకు?

ఇంకో మాట. మీకన్నా పదేళ్లు చిన్నవాడు మీకు పాఠం చెబుతాడు. చెప్పనివ్వండి. 1972లో ఐబీఎం వదిలొచ్చి శాప్ పెట్టిన ఐదుగురు మొదట్లో సొంత కంప్యూటర్ లేక ఖాతాదారు ఆఫీసులోని యంత్రం మీదే రాత్రిళ్లు పనిచేశారు. నామోషీ పడలేదు.

రాయడం పూర్తిగా మానక్కర్లేదు. ఆదివారాలకు ఉంచుకోండి. అద్దె కట్టే బాధ్యత మాత్రం దానిమీద పెట్టకండి. అమీర్‌పేటలో డెమో క్లాసులకు చాలాచోట్ల డబ్బు తీసుకోరు. ఈ వారమే ఒకటి విని రండి.