డీఫ్రాగ్ సంగతి తర్వాత, ముందు కాపీ తీసుకో

గుడియాత్తం.

చిన్నోడికి నీ చిన్నమ్మ రాసేది. మీ అమ్మ నిమ్మకాయ ఊరగాయ కట్టి పెట్టింది, వేలూరు వచ్చేవాళ్ళ చేత పంపిస్తాం. మెసేజి పెట్టొచ్చు గదా అంటావు. పెడితే సగం చదివి బొటనవేలి బొమ్మ ఒకటి పంపేసి నీకు తోచింది చేస్తావు. ఇది కాగితం పక్కన పెట్టుకుని చేయాల్సిన పని.

తాత ఐపాడ్‌లో పాట నొక్కితే మూడు నాలుగు సెకన్లు ఆగి మొదలవుతోందంట. కొన్ని రికార్డింగులు మధ్యలో తెగి తర్వాతి దానికి దూకుతున్నాయంట. హార్డ్ డిస్కు డీఫ్రాగ్ చేస్తే సరిపోతుందని హాస్టల్లో ఎవరో చెప్పారంట. ఈ ఆదివారం లాప్‌టాప్‌కి తగిలించి చేసేస్తానన్నావని అక్క చెప్పింది. ఆగు. నువ్వు చెప్పినవి రెండు వేరువేరు జబ్బులు. ఒకటి అసలు జబ్బే కాదు. రెండోది డీఫ్రాగ్‌తో నయం కాదు, ముదురుతుంది.

నీకు సలహా చెప్పిన పిల్లోడిని తప్పుపట్టను. మా కాలం పిల్లలందరం ఆ మందు తాగిన వాళ్ళమే. 1993లో వచ్చిన ఎమ్మెస్ డాస్ 6లోనే డీఫ్రాగ్ ఉండేది. తర్వాత విండోస్ 98 వచ్చాక తెర నిండా రంగురంగుల గళ్ళు కదులుతుంటే బ్రౌజింగ్ సెంటర్లో పని మానేసి చూసేవాళ్ళం. మధ్యలో ఏ ప్రోగ్రాము డిస్కు మీద ఒక్క అక్షరం రాసినా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. అది పూర్తయితే కంప్యూటరు చలాకీ అయినట్టు ఉండేది, నిజంగా కొంత అయ్యేది కూడా. ఆ రోజుల్లో మెమరీ తక్కువ, ప్రతి చిన్న పనికీ డిస్కు దగ్గరికి పరిగెత్తాల్సిందే.

డీఫ్రాగ్ చేసేది ముక్కలైన ఫైళ్ళను ఒకచోటికి చేర్చడం. ముక్కలెందుకు అవుతాయో తెలుసుగదా. పాటలు తీసేస్తూ కొత్తవి ఎక్కిస్తూ ఉంటే మధ్యమధ్య ఖాళీలు మిగులుతాయి. కొత్త ఫైలుకు ఒకేచోట జాగా లేకపోతే దొరికినచోటల్లా తలాకాస్త కూర్చుంటుంది. కాట్పాడిలో రైలెక్కిన ఆరుగురి కుటుంబానికి ఎస్2లో రెండు, ఎస్5లో మూడు, ఎస్9లో ఒకటి బెర్తులు వచ్చినట్టు. అందరూ అదే రైల్లో ఉంటారు, అదే టైముకు దిగుతారు. భోజనం పంచేవాళ్ళకే తిరుగుడెక్కువ.

ఆ తిరుగుడు ఎంతో లెక్క వేద్దాం. తాత ఐపాడ్‌ది 1.8 అంగుళాల డిస్కు, నిమిషానికి 4200 చుట్లు తిరుగుతుంది. హెడ్డు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు గెంతి, కావలసిన చోటు దాని కిందికి తిరిగి వచ్చేదాకా ఆగాలంటే సెకనులో సుమారు నలభయ్యో వంతు పడుతుంది. నాలుగు నిమిషాల పాట, 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నాలుగు ఎంబీకి అటూ ఇటూ. అది ఏకంగా నలభై ముక్కలైందనుకో, అంత సామాన్యంగా కాదు, అయినా అనుకో. గెంతులన్నీ కలిపి ఒక్క సెకను. నాలుగు నిమిషాలు పాడే పాటకు ఒక్క సెకను ఆలస్యం. అది కూడా నీ చెవికి చేరదు. ఎందుకంటే ఐపాడ్ పాటను డిస్కు మీద నుంచి నేరుగా వినిపించదు. ముందుగా చాలా పాటలను మెమరీలోకి తోడుకుని, డిస్కును ఆపేసి, మెమరీలోంచి పాడుతుంది. 2001 అక్టోబరులో వచ్చిన మొట్టమొదటి ఐపాడ్‌లో డిస్కు 5 జీబీ, మెమరీ 32 ఎంబీ. దాంతోనే, ఎంత కుదిపినా ఇరవై నిమిషాల దాకా పాట తెగదని ఆపిల్ వాళ్ళు చాటుకున్నారు. మన దాంట్లో 64 ఎంబీ ఉంది. కేవీకుప్పం మీదుగా వచ్చే బస్సులో సీటు మీంచి నువ్వే ఎగిరిపడినా పాట మాత్రం ఆగకపోవడానికి కారణం అదే.

ఇక పాట నొక్కాక మూడు నాలుగు సెకన్లు ఆగేది, నిద్రపోతున్న డిస్కు లేచి పూర్తి వేగం అందుకునే సమయం. చెవి దగ్గర పెట్టుకుని విను, సన్నగా గుయ్‌మని మొదలై స్థిరపడుతుంది. ముక్కలు లేని కొత్త డిస్కయినా అంతే. దానికి మందు లేదు, అవసరమూ లేదు.

కలవరపెట్టేది రెండోది. పాట మధ్యలో తెగి తర్వాతిదానికి దూకడమంటే డిస్కు మీద ఆ చోటు చదవడానికి రావడం లేదని అర్థం. దాంతోపాటు టిక్, టిక్ అని గోరుతో గీకినట్టు చప్పుడు వస్తోందా? అది నువ్వు చెప్పలేదు. వస్తుంటే ఇప్పుడే ఆపేసి పక్కన పెట్టు.

అలాంటి డిస్కు మీద డీఫ్రాగ్ ఏం చేస్తుందో చూడు. ప్రతి ఫైలునూ చదివి ఇంకోచోట రాసి, పాతచోటు ఖాళీ చేసి, అక్కడికి ఇంకోదాన్ని తెస్తుంది. ఇలా గంటల తరబడి. నిమిషంసేపు తిరిగి చాలాసేపు పడుకోవడానికి చేసిన డిస్కు అది, చిన్న రేకు డబ్బాలో గాలి ఆడకుండా ఉంది. అగ్ని నక్షత్రం రోజుల్లో వేలూరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, నీ గది రేకుల కప్పు కిందే గదా. పైగా అది విండోస్‌తో ఫార్మాట్ చేసినది, ఫ్యాట్ 32. మధ్యలో ఏం జరిగిందో రాసిపెట్టుకునే ఏర్పాటు దానికి లేదు. సగంలో కేబులు కదిలితే, ఆ 30 పిన్నుల సాకెట్టు ఎంత లూజో నీకే తెలుసు, ఒక ఫైలు తోక ఇంకో ఫైలుకు అతుక్కుపోవచ్చు. విండోస్ విస్టా నుంచి మైక్రోసాఫ్టు వాళ్ళే 64 ఎంబీ దాటిన ముక్కలను కలపడం దండగని వాటి జోలికి పోవడం మానేశారు. ఏం బావుకుందామని?

సినిమా పాటలు పోతే మళ్ళీ దొరుకుతాయి, వాటి గురించి నాకు దిగుల్లేదు. ఆ ఐపాడ్‌లో తాత క్యాసెట్లు ఉన్నాయి. మద్రాసు రేడియో తెలుగు కార్యక్రమాల్లోంచి ఆయన ఎక్కించుకున్న నాటకాలు. వైకాసి ఒకటో తేదీన తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి గోపాలపురం గంగమ్మ గుడికి అమ్మవారి సిరసు వస్తుంటే మేడ మీద టేపురికార్డరు పెట్టి పట్టిన పంబ మోత. అన్నిటికంటే ముందు, అవ్వ మంగళహారతులు. లుంగీ మగ్గం పక్కన కూర్చుని పాడింది, చరణం చరణానికీ వెనక పలక కొట్టే చప్పుడు ఉంటుంది, ఒకచోట తాత దారం తెగిందని గొణుగుతాడు కూడా. క్యాసెట్లకు బూజు పట్టింది. వాటిని నేను ఎక్కించిన కంప్యూటరు ఎప్పుడో పాతసామాన్లకు పోయింది. ఉన్నది ఆ ఐపాడ్‌లోని ఒక్క కాపీయే.

కాబట్టి పని వరస ఇది. మొదట డిస్కు ఆరోగ్యం చూడు. మెనూ, నడిమి బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకో, ఆపిల్ గుర్తు వస్తుంది. రాగానే నడిమి బటన్, వెనక్కి పోయే బటన్ కలిపి పట్టుకో. పరీక్షల పేజీ తెరుచుకుంటుంది. మాన్యువల్ టెస్ట్‌లో ఐఓ, అందులో హార్డ్ డ్రైవ్, అందులో స్మార్ట్ డేటా. 'రీఅలాక్స్' ఎదురుగా ఉన్నది ఇప్పటిదాకా పాడై పక్కన పెట్టేసిన చోట్ల లెక్క. 'పెండింగ్ సెక్టార్స్' అంటే చదవలేక అవస్థ పడుతున్నవి. రెండోది సున్నా కాకపోతే ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోవద్దు, కాపీ ఒక్కటే. అంకెలు ఫోటో తీసి నాకు పంపు. బయటికి రావాలంటే మళ్ళీ మెనూ, నడిమి బటన్.

కాపీ తీసేటప్పుడు అసలు గండం డిస్కు కాదు, ఐట్యూన్స్. నీ లాప్‌టాప్‌లోని ఐట్యూన్స్‌కు ఈ ఐపాడ్ కొత్తది. తగిలించగానే ఇది వేరే లైబ్రరీకి చెందింది, చెరిపేసి సింక్ చేయమంటావా అని అడుగుతుంది. తొందరలో సరే అన్నావంటే తాతా అవ్వా ఇద్దరూ పోతారు. తగిలించేటప్పుడు షిఫ్టు, కంట్రోలు రెండూ నొక్కి పట్టుకో, తనంతట తాను సింక్ చేయదు. అప్పటికీ అడిగిందంటే క్యాన్సిల్. నన్నడిగితే ఐట్యూన్స్ అసలు తెరవకుండా ఉండటమే మేలు. ఆపిల్ గుర్తు దగ్గర నడిమి బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్‌కు పోతుంది, మామూలు పెన్‌డ్రైవు మాదిరి కనిపిస్తుంది.

లోపల దాచిన ఫైళ్ళు చూపించమను. ఐపాడ్_కంట్రోల్ అనే ఫోల్డరు వస్తుంది. అందులో మ్యూజిక్, దాంట్లో ఎఫ్00, ఎఫ్01 అని వరసగా ఫోల్డర్లు. పాటలన్నిటికీ నాలుగక్షరాల అర్థంలేని పేర్లుంటాయి, భయపడకు. ఎంపీ3లకు అసలు పేరు ఫైలు లోపలే రాసి ఉంటుంది. చిక్కేమిటంటే క్యాసెట్లు నేను వేవ్ ఫైళ్ళుగా ఎక్కించాను, వాటిలో ఐట్యూన్స్ పేర్లు రాయదు. వాటి పేర్లన్నీ పక్కనే ఐట్యూన్స్ అన్న ఫోల్డరులో ఐట్యూన్స్‌డీబీ అనే ఒక్క ఫైలులో ఉంటాయి. అందుకని మ్యూజిక్ ఒక్కటే లాగొద్దు, ఐపాడ్_కంట్రోల్ మొత్తం ఎత్తు. లేకపోతే ఏది సిరసో ఏది హారతో ఒక్కొక్కటే విని తేల్చుకోవాలి.

ఒకేసారి మొత్తం లాగితే చెడ్డచోటు దగ్గర తగులుకుని నిలిచిపోతుంది. పెద్ద ఫైళ్ళు ముందు తీసుకో, అవే క్యాసెట్లు. 90 నిమిషాల క్యాసెట్టు వేవ్‌లో దాదాపు 950 ఎంబీ ఉంటుంది గనుక సైజు చూడగానే తెలిసిపోతుంది. కాసిని తీసి, ఐపాడ్ వేడెక్కితే తీసి ఫ్యాను కింద పెట్టి, మళ్ళీ కాసిని. ఫ్రిజ్‌లో పెట్టే వైద్యం ఎవరైనా చెప్తే వినొద్దు, లోపల చెమ్మ పడుతుంది. కాపీ రెండుచోట్ల ఉండాలి, ఒకటి నీ దగ్గర, ఒకటి ఇక్కడ.

అదంతా అయ్యాక కూడా డిస్కు ఒద్దికగా ఉండాలని నీ మనసు పీకుతుంటే, దానికి డీఫ్రాగ్ కన్నా సులువైన దారి ఉంది. స్మార్ట్ అంకెలు బాగుంటే రీస్టోర్ కొట్టి ఖాళీ చేసి, పాటలన్నీ ఒకేసారి మళ్ళీ ఎక్కించు. ఖాళీ డిస్కు మీద అన్నీ వరసగా కూర్చుంటాయి. అటూ ఇటూ లక్షసార్లు జరపడం ఉండదు, ఒక్కసారి రాయడమే. అప్పుడు వేవ్‌లను యథాతథంగా ఎక్కించకు. వేవ్ నిమిషానికి 10 ఎంబీ తింటుంది, 64 ఎంబీ మెమరీ ఐదారు నిమిషాలకే అయిపోతుంది, డిస్కు మాటిమాటికీ లేవాలి, బ్యాటరీ కారిపోతుంది. అసలువి కంప్యూటర్లో దాచి, ఐపాడ్‌కు ఎంపీ3 చేసి పెట్టు. క్యాసెట్టు 90 ఎంబీ లోపే వస్తుంది, టేపు రొదలో తేడా ఎవరికీ వినబడదు.

అంకెలు బాగాలేకపోతే డిస్కు తీసేసి ఎస్డీ కార్డు పెట్టే అడాప్టరు దొరుకుతుంది. తిరిగేదేమీ ఉండదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ముక్కల గొడవ అక్కడికి తీరిపోయినట్టే. కార్డులో హెడ్డే లేదు గనుక డీఫ్రాగ్ చేస్తే కార్డు అరిగేదే తప్ప ఒరిగేదేమీ లేదు. మనది 2007లో వచ్చిన 80 జీబీ క్లాసిక్. దాని సాఫ్ట్‌వేరు 128 జీబీ దాటి చూడలేదు, 256ది కొని డబ్బు తగలేయకు. ఆ రేకు మూత ఊడదీయడం మాత్రం నీ చేత కాదు, నా చేతా కాదు. సారథి మాళిగైలో ఫోన్లు బాగుచేసే వాళ్ళలో ఐపాడ్ క్లాసిక్ ఇంతకుముందు విప్పినవాళ్ళు ఎవరో అడిగి మరీ ఇవ్వు. పాత డిస్కు తిరిగి ఇమ్మను, వాళ్ళ దగ్గర వదిలేసి రావొద్దు.

కాపీకి పెన్‌డ్రైవు చాలదు, ఐపాడ్‌లో 60 జీబీ పైనే ఉన్నట్టు గుర్తు. నా దగ్గర ఖాళీ హార్డ్ డిస్కు ఒకటుంది, ఊరగాయతో పాటు అదీ పంపిస్తాను. అది చేరేదాకా ఐపాడ్ ఆన్ చేయకు.

ఇట్లు,
నీ చిన్నమ్మ